రోడ్డురాణి లాప్ టైము

జూన్ 3
బావ మంచం దిగడం లేదు. బస్సు నడుపుతూ కళ్ళు తిరిగి పడ్డాడు కదా, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. రోజూ లేచి తిరగకపోతే కాళ్ళు కూడా పోతాయన్నాడు. బావ మొదటి మాట విన్నాడు, రెండోది వినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొగుళ్ళకి పనికొచ్చే మాట చెవిన పడదు అని అక్క. వాళ్ళ కూతురొచ్చి కంప్యూటరులో కారు రేసు ఆట పెట్టి, దాని స్టీరింగు, పెడళ్ళు టేబులుకి బిగించి వెళ్ళింది. దాని మీద అక్క తువ్వాళ్ళు ఆరేస్తోంది.

జూన్ 5, ఉదయం
నాలో కొంటె పురుగు మెదిలింది. నేను పనిచేసే గేమ్ సెంటర్‌లో అదే ఆట ఆడే రేసింగ్ సీటు ఒకటుంది. ఓనర్ వచ్చేదాకా అది నాదే. రోడ్డురాణి అని ఒక ఆడపేరు పెట్టుకున్నాను. ఆ పేరుతో ఆటలోంచి బావకి మెసేజీ కొట్టాను. బస్సు డ్రైవర్లకి మలుపు తిప్పడం రాదటగా అండీ, నిజమేనా?

అదే రోజు, సాయంత్రం
బావ లేచాడు! ఎవత్తిరా ఇది, దీని పొగరు అణచాలి అంటూ తువ్వాళ్ళు లాగి కింద పడేశాడు. అక్క తిట్టింది. తిడుతూనే నవ్వింది.

జూన్ 9
చిక్కొచ్చి పడింది. రాణి ఓడిపోతే ఆట అయిపోతుంది, బావ మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. నాకేమో సైకిలు తప్ప ఏదీ రాదు. ఇవాళ ప్రతి మలుపులోనూ గడ్డిలో పడ్డాను. ఆవుకి కూడా అంత గడ్డి దొరకదు.

జూన్ 14
ఒకటి తెలిసింది. బానెట్ వంక చూస్తే గడ్డే. మలుపు అవతలికి చూస్తే బండి దానంతట అదే వస్తుంది. కళ్ళు ముందు పోతాయి, చేతులు నిద్రలో నడిచినట్టు వాటి వెనకాల పోతాయి. లాప్, అంటే ఒక చుట్టు, అయ్యాక ఎలా తిప్పానో గుర్తులేదు. మూడు సెకన్లు తగ్గింది. కల కని లేచినట్టుంది, కానీ టైము మాత్రం ఆటలో ఇద్దరి టైములూ చూపించే బోర్డు మీద ఉంది.

జూన్ 20
బావ ఇంట్లో పక్కన నిలబడి చూశాను, బ్రేకు మరీ మెల్లగా తొక్కుతున్నాడు. గట్టిగా తొక్కు బావా, ఇది బస్సు కాదు అన్నాను. వెనక నిలబడ్డవాళ్ళు పడిపోరూ అన్నాడు. నవ్వు ఆపుకుని వెనక్కి తిరిగాను. మంచం, ఫ్యాను, కిటికీ తెర. తెర మెల్లగా ఊగుతోంది, ఎవరో పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డట్టు.

జూన్ 22
నవ్వినందుకు నాకే తగిలింది. అలా మెత్తగా తొక్కి మెత్తగా వదులుతుంటే టైర్లు జారడం లేదు. బావ రాణిని దాటేశాడు.

జూన్ 26, ఉదయం
నేనూ మనసులో బండి నిండా జనాన్ని ఎక్కించుకున్నాను. నేను ఏడిపించినవాళ్ళే అందరూ. కుర్చీకి జిగురు పూస్తే అతుక్కుపోయిన మా పాత మేస్త్రీ, దొంగ లాటరీ టికెట్టు చూసి ఎగిరి గంతేసిన పక్కింటాయన. అందరూ నిద్రపోతున్నారు. కిటికీల బయట చెట్లు నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాయి. ఎవరి తలా అద్దానికి కొట్టుకోకుండా తిప్పాలి. తిప్పాను. టైము తగ్గింది. బావది మాత్రం అందలేదు.

జూలై 1
అందలేదు.

జూలై 4
ఓడిన సిగ్గుతో రెండు రోజులుగా నేను సీటు ఎక్కలేదు. బావ మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆవిడ రావడం మానేశారు, నేనే తరిమేశాను అన్నాడు. ఆవిడట! పొగరు అణుస్తానన్న మనిషే.

జూలై 5, ఉదయం
బోర్డు చూసి బిత్తరపోయాను. ఎప్పుడు లేచాడో, బావ తన టైము తనే తుడిచేసుకున్నాడు. పైన రాణి ఒక్కతే ఉంది. కింద మెసేజీ. ఒంట్లో బాగుందా అండీ, తొందరేం లేదు, నెమ్మదిగానే రండి, ఇక్కడే ఉంటాను.
 

జూలై 6
ఆ మెసేజీ అక్క కంట పడింది. తిన్నగా సెంటర్‌కే వచ్చింది. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరోజు ఒంట్లో బాగుందా అని అడిగాడా, ఎవత్తిరా ఆ రాణి, నీకు తెలియకుండా ఉండదు అని నా కాలరు పట్టుకుంది. చెప్పేశాను. వీపు మీద రెండు వేసింది. తరవాత సీటు వంక చూసింది. చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంది. బ్రేకు ఏది అంది.

జూలై 7, ఉదయం
రాణి పేరుతో అక్క నడుపుతోంది. నడిచిపోయేవాళ్ళు కూడా దాటేస్తారు. తెర మీది వెనక అద్దంలో, ఇంటి నుంచి ఆడుతున్న బావ బండి. దాటొచ్చు. దాటడు. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు తిరుగుతున్నాడు. అక్క అద్దంలోకే చూస్తోంది. రోడ్డు చూడవే అన్నాను. నువ్వు బయటికి పోరా అంది.
షట్టర్ సగం దించి మెట్ల మీద కూర్చున్నాను. వాళ్ళ లాప్ ఇంకా అవలేదు.