ఎడ్నా పక్కన ఎవరూ లేరు

ఆ కొండ ఎడ్నా ప్రూయిట్ ఒక్కతే ఎక్కింది. పక్కన మొగుణ్ణి నిలబెట్టింది మీరు, రామమోహనరావు అంకుల్. మన తెలుగు అసోసియేషన్ సావనీర్‌కి ఆమె మీద నేను రాసిన వ్యాసం ప్రూఫ్ ఇవాళ లంచ్ బ్రేక్‌లో చూశాను. "ఒంటరిగా శిఖరం చేరింది" అని నేను రాస్తే "భర్త చేయూతతో శిఖరం చేరింది" అని దిద్దారు. కింద నా పేరు మాత్రం అలాగే ఉంచారు.

ఫోన్ చేస్తే ఏమన్నారు? "ఫ్యామిలీలు చదివే పుస్తకం కదమ్మా ఉజ్వలా, ఆడమనిషి ఒక్కతే అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. అయినా ఆ రోజుల్లో మొగుడు లేకుండా ఎలా వెళ్తుందిలే!"

మొగుడు వెళ్లాడు అంకుల్, సగం దాకా. అక్కడ తల తిరిగి టెంట్‌లో పడుకున్నాడు. 1904లో ఆయన రాసుకున్న డైరీ లైబ్రరీలో ఉంది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి, ఆ గొలుసుకట్టు రాత అంతుబట్టక పేజీకి గంట చొప్పున కూర్చుని చదివాను. "నేను లేవలేకపోయాను. ఎడ్నా వెళ్లింది. సాయంత్రం దిగి వచ్చింది. పైన ఏముందని అడిగితే బూట్లు విప్పి పొయ్యి రాజేసింది." ఆ మొగుడే ఒప్పుకున్నాడు. మధ్యలో మీకేమిటి కష్టం?

నేను కాలేజీ మెట్లెక్కలేదు. డబ్లిన్‌లో క్లైంబింగ్ జిమ్‌లో గోడకి బిగించే ప్లాస్టిక్ రాళ్లు విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తాను. జిమ్ తెరిచేలోపు నాకు నేనే ఎక్కడం నేర్చుకున్నాను. కింద తాడు పట్టుకునే మనిషి లేడు, అందుకని తాడు అక్కర్లేని పొట్టి గోడతోనే సరి.

ఇంకో మాట, ఎవరికీ చెప్పనిది. మొన్న ఉగాది భోజనాల్లో మీ ఆవిడ నళిని ఆంటీ "ఎవరితో వచ్చావే?" అని అడిగారు. "ఒక్కదాన్నే ఆంటీ" అన్నాను. "అయ్యో" అంటూనే పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగ్ పెట్టేశారు, ఎవరో వస్తున్నారని. ఎవరూ రాలేదు. గోడవార నిలబడి పులిహోర తిన్నాను. ఆ వారమే ఎడ్నా గురించి రాయడం మొదలుపెట్టాను.

ఒంటరిగా ఉండటం బావుంటుందని నేననను. ఆదివారాలు అస్సలు గడవవు. కానీ ఆమె భయం, ఆమె ఆయాసం, పైన చూసింది, ఏదీ ఎవరూ పంచుకోలేదు. వందేళ్ల తర్వాత మీరొచ్చి వాటా పంచితే ఊరుకోను.

శనివారం ప్రింటింగ్‌కి వెళ్తుందన్నారు. నేను రాసిన వాక్యం నేను రాసినట్టే పెట్టి ఆ పేజీ నాకు పంపండి. చేతకాకపోతే వ్యాసం మొత్తం తీసేసి, తీసేశామని నాకు రాయండి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు రావాలి.

ఉజ్వల