రెండో కెమెరా

జూన్ 3, మంగళవారం

దేవరాజు అనే అతను పంపిన ప్యాచ్‌ను, అంటే కోడ్ మార్పును, రెండోసారి తిప్పి పంపాను. చౌక ఫోన్లలో మెమరీ మిగల్చాలని అతని తాపత్రయం. ఫోన్‌ను లోపల నడిపే కెర్నల్ కెమెరా కోసం పక్కన పెట్టి ఉంచే మెమరీని కోసి యాప్‌లకు ఇచ్చేస్తున్నాడు. ఆలోచన బాగుంది, కోత మొరటుగా ఉంది. అదే మాట మెయిలింగ్ లిస్టులో రాశాను. లోకమంతా చదువుతుంది. చదవనీ. రివ్యూలో మొహమాటం నా వల్ల కాదు.

జూన్ 5, గురువారం

అమ్మ ఒక సంబంధం తెచ్చింది. వనపర్తి. మాలాగే మగ్గం ఇల్లు. అబ్బాయి బెంగళూరులో కంప్యూటర్ పని. ఫోటో కింద పేరు చూస్తే తాగుతున్న నీళ్లు పొలమారాయి. దేవరాజు. ఆ దేవరాజే. మెయిల్ ఐడీ కూడా అదే.

అతని పని నా దగ్గరే ఆగి ఉందని అమ్మకు చెప్పాను. అయితే జర పాస్ చెయ్యరాదే, నీదేం పోతది అంది. పాస్ చేస్తే కింద రివ్యూడ్-బై అని పడేది నా పేరు, పోయేది అదే అన్నాను. నాన్న మగ్గం మీంచి తలెత్తలేదు కానీ నవ్వు వినిపించింది.

జూన్ 6

మూడో వెర్షన్ వచ్చింది. నేను అడిగినవన్నీ దిద్దాడు. ఎక్కడా అలగలేదు. సంబంధం సంగతి అతనికి తెలుసో లేదో. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగాను: ఒకే కాల్‌లో ముందుదీ వెనకదీ రెండు కెమెరాలూ ఎవరూ వాడరని రాశాడు. నిజమే అనిపించింది. అయినా అసలు ఫోన్‌లో నడిపి చూడాలి. ఇంట్లో అంత చౌక ఫోన్ అమ్మదే. చెప్పకుండా ఈ వెర్షన్ దాన్లో ఎక్కించేశాను.

జూన్ 8, ఆదివారం, మధ్యాహ్నం

కొంప మునిగింది. దేవరాజు వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఇద్దరూ బాగానే మాట్లాడుకున్నారు. చీరలు చూపమని ఆవిడ అడిగితే అమ్మ కెమెరా తిప్పి మగ్గం మీదున్న కొంగు చూపబోయింది. కాల్ తెగింది. అమ్మే మళ్లీ చేసింది, మళ్లీ తిప్పింది, మళ్లీ తెగింది. ఆ తర్వాత ఆవిడ ఎత్తలేదు.

గర్వంతో మేమే పెట్టేశామని వాళ్లు అనుకుంటున్నారట, మధ్యవర్తి జంగయ్య మామ చెప్పాడు. కొంగు నచ్చక వాళ్లే పెట్టేశారని అమ్మ. "మా నేతకు వంకపెట్టెటోళ్లతోని మాకేం పొత్తు" అని ఫోటో తిరిగి ఇచ్చేసింది.

సాయంత్రం

అమ్మ ఫోన్‌లో ఏం జరిగిందో చూద్దామని దాని చిట్టా, లాగ్, తీశాను. వెనక కెమెరాకు మెమరీ చాలక కెర్నల్ ఏకంగా కాల్‌నే చంపేసింది. అంటే వాళ్లమ్మ కాల్ తెంపింది కొడుకే. పడీ పడీ నవ్వాను. తర్వాత భయం వేసింది.

ఇది లిస్టులో రాస్తే అతను నలుగురిలో పలచనవుతాడు, సంబంధం పూర్తిగా చెడుతుంది. రాయకపోతే ఇలాంటి ఫోన్ ఉన్న ప్రతి ఇంట్లో కాల్ తెగుతుంది. ముంబై పనికి పోయినవాళ్లు పిల్లల మొహాలు చూసుకునేది వీటిలోనే. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అతను నాకు నచ్చాడు. మూడో వెర్షన్ దగ్గరే నచ్చాడు.

రాసేశాను. పెళ్లి ఊసు తప్ప అంతా, అమ్మ పేరూ ఊరుతో సహా.

జూన్ 10

నాలుగో వెర్షన్. రెండో కెమెరాకు చోటు వదిలేసి మిగతాదే కోశాడు. పైన రాసిన మాటలు: తప్పు నాది, ఎవరినీ అడగకుండానే ఎవరూ వాడరని అనుకున్నాను, ఆ కాల్‌లో అవతల ఉన్నది మా అమ్మే. లోపం పట్టినవాళ్ల పేరు కింద రాయడం మా ఆనవాయితీ. అక్కడ మా అమ్మ పేరు రాశాడు, రిపోర్టెడ్-బై: సుభద్రమ్మ, గద్వాల.

అమ్మకు చదివి వినిపించాను. ఫోన్‌లో నేనేం ఎక్కించానో కూడా చెప్పాను. తీరిగ్గా తిట్టింది. తిట్టి, ఆ లైను మళ్లీ చదవమంది. గిది ఎవరెవరు చూస్తరు అని అడిగింది. ప్రపంచమంతా అన్నాను. నాన్న వైపు తిరిగింది. "పిల్లగాడు అందరి ముందల తప్పు నాదే అన్నడు. మీ నాయిన నాలుగు గోడల నడుమ గూడ ఒక్కనాడన్న అన్నడా?" అంది.

నాన్న మగ్గం ఆపలేదు. ఈసారి నవ్వు మాత్రం వినిపించలేదు.

జూన్ 11

నాలుగో వెర్షన్ ఈసారి అమ్మను అడిగే ఎక్కించాను. కెమెరా తిప్పి తిప్పి చూశాం. తెగలేదు.

రివ్యూడ్-బై: వీణ.

అమ్మ రివ్యూ నిన్ననే అయిపోయింది.