చెరువు అడుగున కంచె రాయి

శుక్రవారం, ధర్మవరం

మధ్యాహ్నం చెరువులో టూరిస్టులను తిప్పుతుంటే బోటు ప్రొపెల్లర్ దేనికో తగిలి రెండు రెక్కలు వంగిపోయాయి. విప్పి వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లాను. షాపతను వాటిని వేడి చేసి, బాగున్న మూడో రెక్కతో పోల్చుకుంటూ సుత్తితో సరిచేశాడు.

"యాడ తగిలిందబ్బా?"

చోటు చెప్పాను. నవ్వాడు.

"అది మా చేని కంచె రాయి. చెరువు ఎండినప్పుడు మా నాయన ఆడ చెనిక్కాయ పంట వేస్తాండె."

తన చేను, బావి సుద్దముక్కతో నేల మీద గీసి, బోటు ఏ పక్కగా పోవాలో చూపించాడు. నా మాటతీరును బట్టే కోస్తావాడినని పట్టేశాడు.

"మీ సముద్రం అడుగున మీదేమన్నా ఉండాదా?"

"ఏమీ లేదు" అన్నాను.

ఈ ఊరొచ్చాక నా సంగతి ఒకరు అడగడం ఇదే మొదలు. అడిగితే అబద్ధం చెప్పాను. నాన్న పడవ అక్కడే ఉంది. నాన్న కూడా.