కడావు చేరిన లాంచీ

మెరెయానీ, లాంచీ మునగలేదు, కడావు దీవి చేరాం. ఇక ఏడుపు ఆపు.

మన మనవరాలు వాసితి బాగుచేసిన లాంచీలోనే వచ్చాం. "డిగ్రీ లేనిదానికి ఇంజను గది తాళం ఇవ్వను" అని యజమాని సులియాసీ మొండికేశాడు. చిన్నప్పటి నుంచి నా పక్కన ఇంజన్లు విప్పి బిగించిన పిల్ల ఊరుకుంటుందా? "బాగుచేసినవాళ్లు మొదటి ప్రయాణానికి ఎక్కాలన్నది మన రేవు కట్టుబాటే కదా బాబాయ్. నేను ఎక్కుతున్నా, నువ్వూ రా. చేరితే తాళం నాది" అంది. రేవంతా చూస్తుంటే ఏం చేస్తాడు, ఎక్కాడు. దారంతా రెండు లైఫ్ జాకెట్లు తొడుక్కుని కూర్చున్నాడు.

"ఏరా, రెండోది ఇంజనుకా?" అన్నాను.

ఎదురుగాలిలో కూడా ఇంజను ఒక్కసారీ దగ్గలేదు. ఒడ్డున సులియాసీయే యంగోనా వేరు పొడి నీళ్లలో కలిపి, పెద్దలకిచ్చే మొదటి కొబ్బరి చిప్ప వాసితికే ఇచ్చి, మర్యాదగా చప్పట్లు కొట్టి, తాళం ఆమె ఒళ్లో పెట్టాడు.

పందికి మేత వేశావా? నేను చెల్లెలింట్లో కొన్నాళ్లు ఉంటాను. మోకాలి నూనె శుక్రవారం లాంచీలో పంపు, ఇంజను చూసేది మన పిల్లే. చిన్నవాళ్లకు దీవెనలు. డిగ్రీ ఏదని దెప్పే మీ అక్కకు ఈ కార్డు మీది కడావు పోస్టు ముద్ర చూపించు.

నీ మొగుడు ఎపేలీ