పది ఇళ్లకి ఒకటే వంకాయ

జూలై 1, మంగళవారం. ఉదయం 6.40

అన్యాయం జరుగుతోంది. చేస్తున్నది సింహాచలమ్మ. ఈ హిందీ ఊళ్లో, మా తెలుగువాళ్ల భుయ్యాడీహ్ వీధిలో పాతికేళ్లుగా కూరల బుట్ట దించుతున్న సింహాచలమ్మే!

రుజువు: ఎనిమిది పేజీల కరపత్రం. రాసింది రాంచీలో ఉండే వ్యవసాయ ఆర్థికవేత్త డాక్టర్ తనుశ్రీ గారు. పేద దేశాల్లో పొలానికీ పళ్ళేనికీ మధ్య తిండి ఏమైపోతోందని ఏళ్ల తరబడి పరిశోధన చేశారావిడ. ఎర్ర పెన్నుతో గీతలు కొడుతూ చదివాను. దళారులు రైతు సొమ్ము తింటారన్న మూడో పేజీ చిరిగింది. అంత కోపం.

తీర్మానం: ఇరవై ఒక్క రోజులు మా పది ఇళ్లూ దళారి దగ్గర కూర కొనవు. రైతు దగ్గర్నుంచి నేనే సైకిల్ మీద తెస్తాను.

పంపు దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్ల ముందు ప్రకటించాను. బకెట్లు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు. ఆమోదమే కదా!

సింహాచలమ్మ బుట్ట దించబోతూ ఆగింది. "ఏటిరా భానూ, నాను దళారీనా? ఆ మాట నా మోకాళ్ళకి సెప్పు, నవ్వుతాయి."

"నిన్ను కాదు పిన్నీ. వ్యవస్థని అంటున్నా."

"ఆ వెవస్త ఏ ఇంట్లో ఉంటాదో సెప్పు, ఆవిడికీ కూరలేత్తాను."

7.15

బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. నది రోడ్డు కల్వర్టు దగ్గర కూర్చుందట. తొలి విజయం!

సాయంత్రం 5

కరపత్రం వెనక ఒక ఫారం ఉంది. "నిన్న మీ ఇంట్లో ఏం తిన్నారు?" కింద పది గడులు. గింజలు, పప్పులు, ఆకుకూరలు, గుడ్లు, పళ్లు, ఇలా. పది ఇళ్లూ తిరిగి నింపాను. సగటున ఆరు గడులు నిండాయి. పదో తారీకున మళ్ళీ నింపి రెండూ తనుశ్రీ గారికి పంపుతాను. ఎనిమిది దాటకపోతే నా పేరు భానుప్రకాష్ కాదు.

జూలై 2, బుధవారం

4.45కి లేచాను! నది మీద మాంగో వంతెన దాటి పదకొండు కిలోమీటర్లు. రైతు పేరు మహతో చాచా. పన్నెండు కిలోల వంకాయలు, నిగనిగలాడేవే ఏరుకున్నాను. చాచా చూస్తూ నిలబడ్డాడు. "మీ వీధి మౌసీ వంకరవి కూడా పట్టుకుపోయేది" అన్నాడు, సింహాచలమ్మ గురించే.

(రైతు కూడా దోపిడీకి అలవాటు పడిపోయాడు. దీని మీద వ్యాసం రాయాలి.)

చాచాకి ఎక్కువ డబ్బు, మాకు తక్కువ ధర. లెక్క కుదిరింది! చరిత్ర మొదలైంది!

జూలై 3, గురువారం

వంకాయ.

మా చెల్లెలు త్రివేణి పళ్ళెం చూసి, "భయ్యా, ఫిర్ సే బైంగన్?" అంది. ఇంట్లో తెలుగు మాట్లాడమన్నాను. "మళ్ళీ వంకాయేనా, దరిద్రం" అంది. హిందీలోనే బాగుంది.

జూలై 4, శుక్రవారం

చాచా దగ్గర వంకాయ తప్ప ఏమీ లేదు. బెండకాయలు పక్క ఊళ్లో. తోటకూర ఇంకెక్కడో. "నాది పొలం బేటా, బజారు కాదు" అన్నాడు.

ఎదురింటి జోగమ్మత్త గుమ్మంలోనే పట్టుకుంది. కోడలు ఉమామహేశ్వరికి ఆరో నెల, రక్తం తక్కువట. సింహాచలమ్మ రోజూ ఒక గుప్పెడు మునగాకు ఆ పిల్ల కోసమని బుట్ట అడుగున దాచి తెచ్చేదట. నాకేం తెలుసు!

"మునగాకేదిరా నాయకుడా?"

"రేపు తెత్తానత్తా."

జూలై 5, శనివారం. 8.10

లేవలేదు. ఇవి సాకులు కావు, కారణాలు:

1. వాన.
2. సైకిల్ చైను.
3. ఉద్యమకారుడికి కూడా మోకాళ్ళుంటాయి.

వీధంతా బంగాళాదుంప.

జూలై 7, సోమవారం

ఇది డైరీలో తప్ప ఎక్కడా ఉండకూడదు. వాన తగ్గలేదు. వంతెన అవతల మాంగో పేట బజారులోనే కొన్నాను. బెండకాయలు, తోటకూర. వీధిలో "రైతువే" అని పంచాను. ఎవరో ఒక రైతే కదా పండించింది! అబద్ధం ఎక్కడుంది?

ఒక్క ఇబ్బంది. బజారులో సింహాచలమ్మ కనపడింది. నా సంచీలోంచి ఒక బెండకాయ తీసి కొస విరిచి చూసింది. విరగలేదు, వంగింది.

"ముదిరిపోనాయిరా. నన్నడిగితే సెప్పీదాన్ని కదా."

అంతే. వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పేసి ఉంటే నాకు బాగుండేది.

జూలై 9, బుధవారం

నాన్న డబ్బాలో మూడో రోజు ఆవకాయ. నాన్న పనిలోకి బయల్దేరేలోపు కూర పొయ్యి దిగాలి. సింహాచలమ్మ ఆరింటికే గుమ్మంలో ఉండేది. నేను చేరేసరికి ఎనిమిదిన్నర.

అమ్మ నాతో కాదు, గోడతో అంది. "సింహాచలం సోమవారం పలాస ఎల్లిపోతాదట, సెల్లెలి కాడికి. కల్వర్టు కాడ బేరాల్లేవట. పాతికేళ్లు ఈ ఊళ్లో బతికిన మనిసి."

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 10, గురువారం

రెండో సర్వే. పది ఇళ్లు. సగటు: మూడు.

ఉమామహేశ్వరి నిన్న తిన్నవి: అన్నం, బంగాళాదుంప, టీ. ఫారంలో టీకి గడి లేదు.

3ని 8 చెయ్యడం చాలా సులువు. ఎడమ పక్క రెండు వంపులు కలిపితే చాలు. నాలుగు ఇళ్లకి కలిపాను. ఐదోది ఉమామహేశ్వరిది. ఆ పిల్లకి రెండే. 2ని 8 చెయ్యడమూ వచ్చు నాకు. కానీ కాగితం చింపేశాను. మళ్ళీ రాశాను, ఉన్నదున్నట్టు. రెండు ఫారాలూ ఫోన్లో ఫొటో తీసి పంపేశాను.

జూలై 11, శుక్రవారం. 11.20

తనుశ్రీ గారు ఫోన్ చేశారు. స్వయంగా! లేచి నిలబడి మాట్లాడాను.

"ఒకటో తారీకుకీ పదో తారీకుకీ మధ్య మీ వీధిలో ఏం పోయింది?"

"సింహాచలమ్మ" అన్నాను.

ఎవరని అడిగారు. మునగాకు దగ్గర్నుంచి ముదిరిన బెండకాయ దాకా అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. "ఆరో పేజీ చదివారా?" అన్నారు.

తీసి చూశాను. ఆరో పేజీ తెల్లగా ఉంది, ఒక్క ఎర్ర గీత లేదు. బుట్టలవాళ్ల గురించే. పెద్ద వ్యాపారి వద్దన్న వంకర కాయలు ఎవరు కొంటారు, వాడిపోయిన దాని నష్టం ఎవరు మోస్తారు, ఏ ఇంటికి ఏ కూర కావాలో ఎవరికి తెలుసు. కోపం తెప్పించని పేజీ నేను చదవలేదు.

సాయంత్రం 4.30

కల్వర్టు దగ్గరికి వెళ్లాను. గొడుగు కింద కూర్చుని వాడిన తోటకూర మీద నీళ్లు చిలకరిస్తోంది.

"తప్పయిపోయింది పిన్నీ" అన్నాను, మెల్లగా.

"గొణక్కు. నన్ను దళారీ అన్నప్పుడు గొణిగావేటి? పంపుకాడ, అందరి ముందూ అరిసావు. ఇదీ అక్కడే అరిసి సెప్పు."

"అరిస్తే ఉండిపోతావా?"

"పది ఇళ్లోలూ సంచులట్టుకొత్తే బుట్ట దించుతాను. నేదంటే సోమవారం బండెక్కుతాను. నీ మొకం సూసి ఆగుతానేటి?"

జూలై 12, శనివారం

అన్యాయం జరిగింది. చేసింది భానుప్రకాష్.

తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి. ఇరవై ఒక్క రోజులు. రేపు మొదటి రోజు. పిన్ని ఏరుతుంది, నేను మోస్తాను. మాంగో వంతెన నుంచి మా వీధి దాకా బుట్ట నా సైకిల్ మీద. చాచా వంకర వంకాయలకి కూడా మంచి రేటే. కోపం రోజుకి ఒక్కసారి, అదీ ఆరో పేజీ చదివాకే.

పంపు మీద కాగితం అంటించాను. ఎర్ర పెన్నుతోనే రాశాను, ఇంట్లో ఇంకో పెన్ను లేదు:

"రేపు ఆదివారం ఉదయం ఆరు గంటలకి అందరూ పంపు దగ్గరికి రండి. పది ఇళ్లు, పది సంచులు. ఒక్క సంచి తగ్గినా సింహాచలమ్మ పిన్ని పలాస బండెక్కేస్తుంది. ముందు నేను క్షమాపణ అరుస్తాను, తర్వాత కూరలు. ఉమామహేశ్వరికి మునగాకు ఉంది. బకెట్లు పక్కన పెట్టి రండి. ఆరంటే ఆరే!"