ఉయ్యాల విప్పేయి

అమ్మాయి వాళ్లమ్మకి,

నేనూ అమ్మాయీ పసివాడూ బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు. వాడికి పుట్టుకతోనే కింది దవడ మరీ చిన్నది. వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడుతుంది, అందుకని బోర్లా పడుకోబెడుతున్నారు. ఇన్నాళ్లూ ముక్కులో వేసిన సన్నని గొట్టంతోనే పాలు పోశారు. ఇవాళ మొదటిసారి నోటితో పట్టారు. రెండు గుక్కలు తాగి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ తాగాడు. నర్సమ్మ నావైపు చూసి, "తాతగారూ, మీరూ ఊపిరి పీల్చుకోండి, ఇక్కడ మంచాలు ఖాళీ లేవు" అంది. అప్పటిదాకా బిగబట్టి ఉన్నానని నాకే తెలియదు. పది రోజులకి అమ్మాయి నవ్వింది.

ఒక మాట, కోపం తెచ్చుకోకు. నువ్వు నీలం దుప్పటితో కట్టిన ఉయ్యాల విప్పేయి. అందులో వాడి మెడ వంగి ఊపిరి ఆడదట. ఎంత ముచ్చటపడి కట్టావో నాకు తెలుసు. మోకాలికి నూనె రాస్తున్నావా? పక్కింటి అక్కయ్యని అడిగానని చెప్పు.

మధ్యాహ్నాలు వాణ్ణి నా గుండెల మీద బోర్లా పడుకోబెడతారు. నేను కునుకు తీయను. కిటికీ తెర గాలికి మెల్లగా లేచి పడుతుంటుంది. వాడు నా ఊపిరితో పైకీ కిందికీ తేలుతుంటాడు. మనవాడు ఉయ్యాల ఊగుతూనే ఉన్నాడనుకో.

వాడి తాత