మీటరు పెట్టె వెనక దొరికిన కార్డు

గుడివాడలో ఉన్న సుగుణమ్మ గారికి,

మీ అన్నయ్య, కీర్తిశేషులు కాంతారావు గారి కాగితాలు సర్దుతున్న అమ్మాయి బందరు నుంచి నమస్కరించి రాస్తున్నది.

ప్రొఫెసరు గారి లా పాఠాల నోట్సు, మీ కుటుంబం ఉత్తరాలు అన్నీ కట్టలు కట్టాను. సోమవారం కాలేజీ లైబ్రరీ వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. నిన్న ఫోనులో చెప్పిన కార్డు మాత్రం వాటిలో పెట్టలేదు. మీ అమ్మగారు పోయారని, ఆయన విశాఖలో ఉండగా మీరు రాసిన కార్డు అది. ఇక్కడ ఆయన ఇంటి వరండా బయట, కరెంటు మీటరు పెట్టె వెనక, ప్లాస్టిక్ కవరులో దొరికింది.

"చావు కబురు దాచుకుంటారటే ఎవరైనా? లా చదివాడు గానీ లోకం చదవలేదు మా అన్నయ్య. చించి అవతల పారెయ్, తల్లీ" అన్నారు మీరు. వెంటనే ఫోను పెట్టేశారు.

చించబోయాను. చేతులు రాలేదండీ. అలాంటి ఉత్తరం ఇంట్లోకి తేకూడదన్న పెద్దల మాట ఆయన విన్నారు. చదవగానే చించెయ్యమన్న మాటే వినలేకపోయారు. ఎన్ని ఇళ్ళు మారినా దాన్ని గుమ్మం బయటే ఉంచుకుని ఉంటారు.

నాగాయలంకలో మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం మాకు లేదు. మా నాన్న పోయిన సంగతి నాకు హాస్టల్లో ఉండగా ఫోనులో తెలిసింది. చించడానికైనా నా దగ్గర కాగితం ముక్క లేదు.

మీరు ఒక్కసారి బందరు రండి. చించాలనిపిస్తే మీ చేత్తోనే చించండి. ఆదివారం దాకా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. పొద్దుటి బస్సుకు వస్తే, మనిద్దరికీ అన్నం వండి ఉంచుతాను.

ఇట్లు,
నాగాయలంక అమ్మాయి